రాయి ఎత్తు, చక్రం సైజు, కుక్క లాగుడు

ఇంగ్లండ్ వాయవ్య మూలన లేక్ డిస్ట్రిక్ట్ జాతీయ ఉద్యానం ఉంది. అక్కడి అధికారులు కొన్ని కాలిబాటలను ఏరి వాటికి 'మైల్స్ వితౌట్ స్టైల్స్' అని పేరు పెట్టారు. చక్రాల కుర్చీలో తిరిగేవాళ్లు, పసిపిల్లల బండ్లు తోసుకుంటూ నడిచేవాళ్లు ఎక్కడా కంచె మెట్లు ఎక్కే పని లేకుండా పోగలిగిన దారులివి. వీటిని మూడు తరగతులుగా విడదీశారు. ఏ దారి ఏ తరగతికి చెందుతుందో తేల్చడానికి వాడే కొలతల్లో ఒకటి రాయి సైజు. 'అందరికీ' అన్న తరగతిలో బాట మీది కంకర 10 మిల్లీమీటర్లు దాటదు. 'చాలామందికి' అన్నదాంట్లో 40 మిల్లీమీటర్ల రాళ్లు ఉండొచ్చు. 'కొందరికి' అన్నదాంట్లో 100 దాకా ఉండొచ్చు. వాలు కూడా మొదటి రెండింట్లో పదింట ఒక వంతు మించదు. మూడోదాంట్లో ఎనిమిదింట ఒక వంతు దాకా పోతుంది.

ఇంట్లో కుక్క ఉండి, దానికి తోడు పసిబిడ్డ కూడా వచ్చినవాళ్లకు రాళ్ల సైజు చెప్పే ఈ మూడు అంకెలు చాలా పనికొస్తాయి. కుక్కకు రోజూ నడక కావాలి. బిడ్డ పుట్టిందని అది సెలవు ఇవ్వదు. ఊరవతల పొలాల గట్ల మీద, అడవి దారుల్లో, వాన కురిసిన మర్నాడు కూడా పోవాల్సిందే. ఆ దారిలో బిడ్డను ప్రామ్ అనే చక్రాల బండిలో తోసుకెళ్లాలా, స్లింగ్ అనే గుడ్డ కట్టులో ఒంటికి కట్టుకెళ్లాలా అన్న ప్రశ్న మొదలయ్యేది అక్కడే. బ్రిటన్‌లో కొత్త తల్లిదండ్రులు దీని మీద ఎంతసేపైనా వాదించుకుంటారు. షాపుకు వెళ్తే రంగు చూస్తారు, ఎంత చిన్నగా మడతపడుతుందో చూస్తారు, కాఫీ కప్పు పెట్టే చోటు ఉందో లేదో చూస్తారు. ఇరుసు నేలకు ఎంత ఎత్తులో ఉందో వంగి చూసేవాళ్లు తక్కువ.

చక్రం రాయిని ఎలా ఎక్కుతుందో ఒకసారి దగ్గరగా చూడాలి. బండిని ముందుకు తోస్తే చక్రం రాయి అంచును తగిలి ఆగుతుంది. అక్కణ్నుంచి అది ముందుకు పోవాలంటే ఆ అంచునే ఆధారం చేసుకుని పైకి లేవాలి. తోసే బలం ఇరుసు ఎత్తున పనిచేస్తుంది. ఇరుసు రాయి కొస కన్నా ఎంత పైన ఉంటే ఆ తోపుకు అంత పట్టు దొరుకుతుంది. రెండూ ఒకే ఎత్తులో ఉంటే పట్టు సున్నా. అంటే తన వ్యాసార్ధానికి సమానమైన రాయిని, అంతకన్నా ఎత్తయిన రాయిని ఏ చక్రమూ నేరుగా తోస్తే ఎక్కలేదు, తోసేది ఎంత బలవంతుడైనా సరే.

లెక్క వేసి చూద్దాం. బండీ బిడ్డా కలిసి 18 కిలోలనీ, అందులో ముందు చక్రాల మీద పడేది 6 కిలోలనీ అనుకుందాం. పట్నం పేవ్‌మెంట్ల కోసం చేసిన ఆరంగుళాల చక్రం 10 మిల్లీమీటర్ల కంకర ఎక్కడానికి దాదాపు మూడున్నర కిలోల బరువెత్తేంత తోపు చాలు. 40 మిల్లీమీటర్ల రాయి ఎదురైతే పదకొండు కిలోలు దాటుతుంది. ప్రతి రాయికీ అంత బలం పెట్టి తోసేవాళ్లకు అర కిలోమీటరులోనే భుజాలు లాగేస్తాయి. 100 మిల్లీమీటర్ల రాయి దగ్గర లెక్కే లేదు, బండి ఆగిపోతుంది. పదహారంగుళాల చక్రానికైతే ఇవే రాళ్లకు వరసగా 2 కిలోలు, నాలుగున్నర కిలోలు, పది కిలోల పైచిలుకు సరిపోతాయి. చిన్న చక్రం ఓడిపోయిన చోట పెద్ద చక్రం మూలుగుతూనైనా దాటుతుంది.

అనుభవం ఉన్నవాళ్లు ఈ లెక్క తెలియకుండానే దానికి విరుగుడు కనిపెట్టారు. పిడిని కిందికి నొక్కి ముందు చక్రాన్ని లేపుతారు. అడుసులో కూరుకుపోతే బండిని తిప్పి వెనక్కి లాగుతారు. పిడి ఎత్తులో ఉంటుంది కాబట్టి తోసినప్పుడు చేతి బలంలో కొంత నేల వైపు దిగి చక్రాన్ని ఇంకా లోపలికి గుచ్చుతుంది. లాగినప్పుడు అదే బలం పైకి పనిచేసి చక్రం మీది బరువు తగ్గిస్తుంది.

అసలు పిల్లల బండిని చేసిందే బయట తిరగడానికి. 1733లో విలియం కెంట్ అనే తోటల రూపశిల్పి డెవన్‌షైర్ మూడో డ్యూక్ పిల్లల కోసం గవ్వ ఆకారంలో చేసిన బండిని చిన్న జంతువు లాగేది. తర్వాతి రెండు శతాబ్దాల్లో అది ఉక్కు స్ప్రింగులతో, పెద్ద చక్రాలతో బరువైన ప్రామ్‌గా మారింది. దాన్ని చిన్నది చేసినవాడు ఓవెన్ మెక్లారెన్. రెండో ప్రపంచ యుద్ధంలో స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం అడుగు చక్రాల అమరిక మీద పనిచేసిన ఇంజనీరు ఆయన. మనవరాలి బండితో విమాన ప్రయాణంలో కూతురు అవస్థ పడటం చూసి, గొడుగులా ముడుచుకునే అల్యూమినియం బండిని రూపొందించి 1965లో పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. బస్సుకీ రైలుకీ అది వరమే. ఆ వరానికి చెల్లించిన ధర చక్రం సైజు. అది బుల్లిదైపోయింది, పొలం గట్టుకు పనికిరాకుండా పోయింది. 1984లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఫిల్ బేక్లర్ అనే పత్రికా ఉద్యోగి కొడుకును వెంటేసుకుని పరుగెత్తాలనుకుని, పాత బండికి సైకిల్ చక్రాలు తగిలించాడు. 'బేబీ జాగర్' అనే మూడు చక్రాల జాగింగ్ బండి అలా పుట్టింది. ఇవాళ 'ఆల్ టెరైన్' పేరుతో అమ్ముతున్న వాటిలో చాలావాటికి ఆ బేబీ జాగరే పూర్వీకురాలు.

మూడు చక్రాలకు ఒక సౌకర్యం ఉంది. నేల ఎంత మిట్టపల్లాలుగా ఉన్నా మూడూ నేలను తాకుతాయి. నాలుగు చక్రాల బండికి ఒకటి గాల్లో ఉండి టకటకలాడుతుంది. అయితే ముందు ఒకే చక్రం ఉండటం వల్ల బండి పక్కకు ఒరగడం తేలిక. ఏటవాలు గట్టుకు అడ్డంగా నడిచేటప్పుడు ఈ తేడా చేతికి తెలుస్తుంది. ముందు చక్రం అటూ ఇటూ తిరిగేదైతే మలుపులకు బాగుంటుంది కానీ, కంకర మీద వేగం పెరిగితే అది వణకడం మొదలెడుతుంది. అందుకే దాన్ని తిరగకుండా తిన్నగా బిగించే లాక్ ఉందో లేదో చూసి కొనాలి. గాలి టైర్లు రాళ్ల కుదుపును మింగుతాయి, కాస్త గాలి తగ్గిస్తే బురదలో కూడా తక్కువ దిగబడతాయి. కాకపోతే ఇంగ్లండ్‌లో శరత్కాలం వచ్చిందంటే రైతులు పొలాల చుట్టూ ఉన్న హాథార్న్ కంచెల్ని కత్తిరిస్తారు. రాలిన ముళ్లు దారంతా పరుచుకుంటాయి. పంక్చర్ కిట్టు లేకుండా బయల్దేరితే తిరుగు ప్రయాణం మోతే.

పసికందు సంగతి వేరు. పుట్టిన బిడ్డ పొడవులో తల నాలుగో వంతు ఉంటుంది, దాన్ని నిలబెట్టే మెడ కండరాలు ఇంకా బలపడవు. కాబట్టి మొదటి నెలల్లో బిడ్డ వెల్లకిలా పూర్తి చదునుగా పడుకునే తొట్టి ఉన్న ప్రామే కావాలి. అదీ నడకకే. బండి తోస్తూ పరుగెత్తడానికి బిడ్డకు కనీసం ఆరు నెలలు నిండాలని తయారీదారులు సాధారణంగా చెబుతారు. ఇంకో చిక్కు, పెద్ద చక్రాల బండ్లలో చాలావాటిలో బిడ్డ ముఖం రోడ్డు వైపే ఉంటుంది. 2008లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయంలో సుజాన్ జీడిక్ చేయించిన పరిశీలనలో, బిడ్డ తమ వైపు తిరిగి ఉన్న బండ్లు తోసే పెద్దలు బిడ్డతో రెండు రెట్లు ఎక్కువగా మాట్లాడుతున్నట్టు తేలింది. కుక్కతో నడకకు వెళ్లేవాళ్ల విషయంలో ఈ తేడా ఇంకా ఎక్కువుంటే ఆశ్చర్యం లేదు. వాళ్ల మాటలన్నీ కుక్కకే ఖర్చవుతాయి.

ఎంత పెద్ద చక్రమైనా స్టైల్ దగ్గర చేతులెత్తేస్తుంది. పశువులు దాటకుండా, మనుషులు మాత్రం ఎక్కి దిగేలా కంచెకు అడ్డంగా వేసిన చెక్క మెట్లో రాతి మెట్లో స్టైల్. ఇంగ్లండ్, వేల్స్‌లలో జనానికి నడిచే హక్కున్న దారులు దాదాపు 2,25,000 కిలోమీటర్లు ఉన్నాయి. వాటిలో మెట్లూ ఇరుకు గేట్లూ లెక్కలేనన్ని. ఒక మనిషి మాత్రమే పట్టే గూట్లో ఆగి, తలుపు తిప్పుకుని అవతలికి పోయే 'కిస్సింగ్ గేటు'లో పదహారంగుళాల చక్రాల బండి తిరగనే తిరగదు. గేట్లూ మెట్లూ ఎలా ఉండాలో చెప్పే బ్రిటిష్ ప్రమాణం బీఎస్ 5709 ప్రకారం ఖాళీ దారి అన్నిటికన్నా మేలు, కుదరకపోతే గేటు, మెట్లు ఆఖరి మాట. ఆచరణలో పాత మెట్లు పాత చోటే ఉన్నాయి. అక్కడ బిడ్డ ఒంటి మీద ఉంటేనే దాటగలం.

ఒంటి మీద మోయడం పాశ్చాత్య దేశాలకు పోగొట్టుకుని మళ్లీ నేర్చుకున్న విద్య. 1960ల్లో పీస్ కోర్ అనే అమెరికా స్వచ్ఛంద దళంలో నర్సుగా టోగో దేశానికి వెళ్లిన అమెరికన్ ఆన్ మూర్, అక్కడి తల్లులు బిడ్డల్ని గుడ్డతో వీపుకు కట్టుకుని పనులు చేసుకోవడం చూసింది. ఇంటికొచ్చి తన బిడ్డను అలా కట్టుకోబోతే జారిపోయింది. తల్లి చేత ఒక సంచి కుట్టించుకుంది. 1969లో పేటెంటు వచ్చిన 'స్నగ్లీ' అదే. కూలికెళ్లే తల్లి చీర కొంగుతో బిడ్డను కట్టుకోవడం, ఇంటి పనిలో ఉన్న అమ్మమ్మ చంకనేసుకోవడం చూస్తూ పెరిగిన తెలుగువాళ్లకు ఇందులో కనిపెట్టిందేముందో అర్థం కాకపోవచ్చు.

చంకనెత్తుకోవడానికీ గుడ్డతో కట్టుకోవడానికీ మధ్య తేడాను మాత్రం శాస్త్రం కొలిచింది. కారా వాల్-షెఫ్లర్, ఆమె సహచరులు 2007లో ప్రచురించిన ప్రయోగంలో, శిశువంత బరువును చేతుల్లో మోస్తూ నడవడానికి స్లింగ్‌లో మోసినప్పటికన్నా సగటున 16 శాతం ఎక్కువ శక్తి ఖర్చయింది. అంతకు చాలా ముందే, 1971లో, దత్తా, రామనాథన్ అనే ఇద్దరు భారతీయ శాస్త్రవేత్తలు బరువు మోసే ఏడు పద్ధతుల్ని పోల్చారు. బరువును ఛాతీకీ వీపుకూ సగం సగం పంచినప్పుడు శ్రమ అన్నిటికన్నా తక్కువ, చేతుల్లో మోసినప్పుడు అన్నిటికన్నా ఎక్కువ. ముందు బిడ్డ, వెనక నీళ్లసీసా, డైపర్లు, కుక్క తువ్వాలు ఉన్న చిన్న సంచి అన్న పద్ధతి దీన్నిబట్టి సబబే.

నడక బిడ్డకూ నచ్చుతుంది. జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమీ కురోడా బృందం 2013లో చూపించింది: తల్లి ఎత్తుకుని కూర్చున్నప్పటికన్నా ఎత్తుకుని నడుస్తున్నప్పుడు ఆరు నెలల్లోపు పిల్లల గుండె వేగం చప్పున తగ్గి, ఏడుపు ఆగుతుంది. అదే బృందం 2022లో ఇంకో అడుగు వేసింది. ఏడ్చే బిడ్డను ఐదు నిమిషాలు ఎత్తుకుని నడిచి, నిద్రపోయాక ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఎత్తుకునే కూర్చుని, తర్వాత పడుకోబెడితే మేలుకునే అవకాశం తక్కువ. ముందుకీ వెనక్కీ కదిలే తొట్టిలో కూడా బిడ్డలు ఊరట చెందారు కాబట్టి ప్రామ్ వాళ్లు నొచ్చుకోనక్కర్లేదు.

స్లింగ్‌లో భయపడాల్సింది ఒక్కటే, కానీ అది ప్రాణానికి సంబంధించింది. పసికందు గడ్డం ఛాతీకి ఆనితే మెత్తటి శ్వాసనాళం వంగి మూసుకుపోతుంది. ముక్కు గుడ్డకు గానీ తల్లి ఒంటికి గానీ అదుముకుంటే నిమిషాల్లోనే ఊపిరాడదు, బిడ్డ ఏడవను కూడా ఏడవదు. 2010 మార్చిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ, అంతకుముందు ఇరవై ఏళ్లలో స్లింగ్‌లతో ముడిపడిన 14 మరణాలను పరిశీలించి హెచ్చరిక జారీ చేసింది. వాటిలో 12 మంది నాలుగు నెలల్లోపు పిల్లలు. బ్రిటన్‌లో అందరూ చెప్పే ఐదు జాగ్రత్తలు ఇవి: కట్టు బిగుతుగా ఉండాలి, ముఖం ఎప్పుడూ కనిపించాలి, తల వంచితే బిడ్డ నుదుటిని ముద్దు పెట్టుకునేంత దగ్గర ఉండాలి, గడ్డం ఛాతీకి తగలకూడదు, వీపుకు ఆసరా ఉండాలి. కుక్క వెనక నడిచేటప్పుడు రెండో జాగ్రత్తే ముందు గాలికి పోతుంది, చూపంతా కుక్క మీదే ఉంటుంది మరి. పైన కోటు జిప్పు మెడ దాకా లాగితే అదీ అంతే. బిడ్డ మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త పైకి ఉండి, తొడలు విప్పారి ఉంటే తుంటి కీలు చక్కగా గూట్లో కుదురుకుంటుంది. కాళ్లు నిటారుగా వేలాడే రకాల్ని తుంటి వైద్యులు ఇష్టపడరు.

బిడ్డను ముందు కట్టుకుంటే మోసేవాళ్లకు తమ పాదాలు కనపడవు. చెట్ల వేళ్లున్న దారిలో, తడి రాళ్ల మీద అది చిన్న ఇబ్బంది కాదు. బిడ్డ తనంత తాను కూర్చోగలిగే వయసు వచ్చాక ఫ్రేము ఉన్న వీపు సంచిలోకి మారిస్తే దారి కనిపిస్తుంది. అప్పుడు బరువు పైకి జరుగుతుంది, సంచే మూడు కిలోల దాకా తూగుతుంది, కొమ్మ కింద వంగేటప్పుడు వెనక తలొకటి ఉందని గుర్తుంచుకోవాలి.

ఇక కుక్క. ప్రామ్ పిడికి పట్టా కట్టేయడం అందరికీ తోచే ఉపాయం, అన్నిటికన్నా చెడ్డది కూడా అదే. 12 కిలోల బండి, 8 కిలోల బిడ్డ, మొత్తం 20 కిలోలు. పిడి మీటరు ఎత్తు, చక్రాల మధ్య దూరం 60 సెంటీమీటర్లు. పక్కకు లాగితే బండి బోల్తా పడటానికి పిడి దగ్గర 6 కిలోల బలం చాలు. మూడు చక్రాల బండికి ఒరిగే గీత ఇంకా లోపలికి ఉంటుంది కాబట్టి 4 కిలోలే సరిపోవచ్చు. ఇప్పుడు అవతలి పక్కన ఉడుత కనిపించిందనుకోండి. 30 కిలోల లాబ్రడార్ సెకనుకు 5 మీటర్ల వేగంతో దూకి పట్టా చివర పావు సెకనులో ఆగితే, ఆ కుదుపు సగటున 60 కిలోల బరువుకు సమానం. కావాల్సినదానికి పది రెట్లు.

స్లింగ్ కట్టుకుని పట్టాను నడుముకు తగిలించుకున్నా ఆ 60 కిలోలే, ఈసారి పడేది మనిషి. కుక్క మామూలుగా లాగని రకమైతే నడుం బెల్టు బాగానే ఉంటుంది. లాగే రకమైతే పట్టా చేతిలోనే ఉండాలి, మణికట్టుకు చుట్టకుండా, అవసరమైతే వదిలేయగలిగేలా. బిడ్డ పుట్టకముందే ఖాళీ బండిని తోస్తూ కుక్కను పక్కన నడిపించి అలవాటు చేయమని శిక్షకులు చెబుతారు. ఇరుగుపొరుగు నవ్వితే నవ్వనీ.

పట్టా వదిలేయగలగడం ఎందుకు ముఖ్యమో ఆవుల మంద ఉన్న మైదానంలో తెలుస్తుంది. మన వీధుల్లో ఆవూ కుక్కా ఒకే నీడన పడుకుంటాయి. బ్రిటన్‌కు కొత్తగా వెళ్లిన తెలుగు కుటుంబాలకు అక్కడి ఆవు కుక్కను చూసి మీదికి రావడం వింతే. పచ్చిక బయళ్లలో పెరిగే ఆ ఆవులకు, ముఖ్యంగా దూడ ఉన్నవాటికి, కుక్క అంటే దూడను ఎత్తుకుపోయే జంతువే. 2000 నాటి చట్టం ప్రకారం జనానికి తెరిచిన బయళ్లలో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కను 2 మీటర్లకు మించని పట్టాతోనే నడపాలి, పశువుల దగ్గర ఏ కాలంలోనైనా అంతే. అయితే ఆవులు తరిమితే మాత్రం పట్టా వదిలేయమని అధికారిక నియమావళే చెబుతుంది. కుక్క తప్పించుకుపోగలదు, ఆవులు దాని వెంట పడతాయి. ప్రామ్‌తో ఉన్న మనిషి పరుగెత్తలేడు. దూడలున్న పొలం గేటు దగ్గరే వెనక్కి తిరగడం పిరికితనం కాదు.

వేసవిలో పొదల్లో పిడుదులు ఉంటాయి. కుక్క బొచ్చు పట్టుకుని ఇంటికొస్తాయి, అక్కణ్నుంచి బిడ్డ మీదికి. కొన్నిటితో లైమ్ వ్యాధి సోకుతుంది. నడక అయ్యాక కుక్క చెవుల వెనక, బిడ్డ మెడ మడతల్లో, మోకాళ్ల వెనక చూడటం రెండు నిమిషాల పని.

చలికి, ఎండకు లెక్కలు తలకిందులవుతాయి. కొండ ఎక్కేవాళ్లకు చెమట పడుతుంటే వీపు మీది బిడ్డ కదలకుండా కూర్చుని చల్లబడిపోతుంది. వేలాడే పాదాలు ముందు చల్లబడతాయి. ఛాతీకి కట్టుకున్న బిడ్డకైతే తల్లి ఒంటి వేడే ఒక దుప్పటి, ఒక పొర తక్కువ తొడిగితే సరి. ప్రామ్‌కు అసలు ప్రమాదం ఎండలో. 2014లో ఒక స్వీడిష్ పత్రిక చేయించిన పరీక్షలో, పలచటి గుడ్డ కప్పిన ప్రామ్ లోపల వేడి అరగంటలో 22 డిగ్రీల నుంచి 34కు, గంటకు 37కు చేరింది. ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్లు అలాంటి గుడ్డనే తడిపి, చిన్న ఫ్యాను తగిలించి చూస్తే లోపలి వేడి బయటికన్నా దాదాపు 5 డిగ్రీలు తగ్గింది. పొడి గుడ్డ కప్పడం కన్నా ఏమీ కప్పకుండా నీడలో తోయడమే మేలు. మే నెలలో కాకినాడలోనో కరీంనగర్‌లోనో సాయంత్రం బండి తీసేవాళ్లకు ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. ఉక్కపోసే కోస్తాలో తడిగుడ్డ అంత తొందరగా ఆరదు, కాబట్టి ఫ్యాను లేకుండా తడిగుడ్డను నమ్ముకోలేం.

ఈ లెక్కలన్నీ చూశాక చాలా ఇళ్లలో రెండూ చేరతాయి: చదునైన అడవి దారికి పెద్ద చక్రాల బండి, మెట్లున్న పొలాలకు స్లింగ్. బండి అడుగు బుట్టలో మడిచిన స్లింగ్ పెట్టుకుని బయల్దేరేవాళ్లూ ఉన్నారు. రెండూ కొత్తవి కొనాలంటే జేబుకు చిల్లే. బ్రిటన్‌లో చాలా ఊళ్లలో స్లింగ్ లైబ్రరీలు ఉన్నాయి. కొద్దిపాటి అద్దెకు కొన్ని వారాల పాటు ఇస్తారు, కట్టుకోవడం కూడా నేర్పుతారు. ఇంట్లో అద్దం ముందు కట్టి చూసుకుంటే సరిపోదు. బూట్లు వేసుకుని, కుక్కను పట్టుకుని, ఒక స్టైల్ ఎక్కి దిగితే నడుం బెల్టు ఎక్కడ ఒరుసుకుంటుందో, కుక్క పెంట ఎత్తడానికి వంగినప్పుడు బిడ్డ తల ఏ వైపు వాలుతుందో తెలుస్తుంది.